చెడు కబురుకు దారి

సిల్తారాలోనో ఉర్లాలోనో ఒక స్పాంజ్ ఐరన్ ఫ్యాక్టరీకి వెళ్ళి ఉదయం మీటింగులో కూర్చోండి. రాయపూర్ చుట్టూ అలాంటి ఫ్యాక్టరీలకు కొదవ లేదు. "ఇవాళ డిస్పాచ్ పూర్తవుతుందా?" అని ప్లాంట్ హెడ్ అడుగుతాడు. "హో జాయేగా సర్" అంటాడు ప్రొడక్షన్ ఇన్‌చార్జి. "రెండో కిల్న్ సంగతి?" "ఠీక్ చల్ రహా హై సర్." ఇరవై నిమిషాల్లో మీటింగ్ ముగుస్తుంది. బయట టీ బండి దగ్గర అదే ఇన్‌చార్జి తన తోటి ఉద్యోగితో, ఇద్దరూ శ్రీకాకుళం వాళ్ళయితే మన భాషలోనే, "రెండోది ఈ వారం దాటదురా, లోపల బాగా పేరుకుపోయింది" అంటాడు.

అతన్ని అబద్ధాలకోరని కొట్టిపారేయకండి. ఆ మాట లోపల చెప్పకపోవడానికి కారణం తెలియాలంటే కిల్న్ గురించి కొంత తెలియాలి. అది లోపల అగ్ని ఇటుకలు పరిచిన పెద్ద ఉక్కు గొట్టం. కొద్దిగా వాలుగా ఉండి నెమ్మదిగా తిరుగుతుంటుంది. ఇనుప ఖనిజం, బొగ్గు, డోలమైట్ ఒక కొసన వేస్తే సుమారు వెయ్యి డిగ్రీల వేడిలో ఖనిజంలోని ఆక్సిజన్ పోయి, రెండో కొసన స్పాంజ్ ఐరన్ వస్తుంది. బొగ్గులో బూడిద ఎక్కువై, అది కరిగి గోడకు అంటుకుంటే లోపల రింగు కడుతుంది. సరుకు నడిచే దారి ఇరుకవుతుంది. ఆ దశ దాటితే కిల్న్ ఆపాలి, చల్లార్చాలి, మనుషులు లోపలికి దిగి రింగును పగలగొట్టాలి, మళ్ళీ వెలిగించాలి. రోజుల తరబడి ఉత్పత్తి పోతుంది.

రింగు కడుతోందని అందరికంటే ముందు తెలిసేది షిఫ్టులో ఉన్న ఆపరేటర్‌కి. ఉష్ణోగ్రత అంకెలు వింతగా కదులుతుంటే అతనికి అనుమానం వస్తుంది. తర్వాత షిఫ్ట్ ఇన్‌చార్జికి, ఆ తర్వాత ప్రొడక్షన్ హెడ్‌కి తెలుస్తుంది. ఆఖరున తెలిసేది యజమానికి. తీరా ఆరా తీస్తే చాలాసార్లు మూలం ఆయన బేరమాడి కొన్న చవక బొగ్గులోనే ఉంటుంది. "రింగు కడుతోంది" అనడమంటే పదిమంది ముందు "సేఠ్‌జీ, మీ బేరం తప్పింది" అనడమే. ఆపరేటర్ నోరు విప్పకపోవడానికి అసలు కారణం ఇది. చాలా ఆఫీసుల్లో చెడు కబురు ఒక యంత్రం గురించో ప్రాజెక్టు గురించో కనిపిస్తుంది గాని, లోపల అది ఒక పెద్దాయన తీసుకున్న నిర్ణయం గురించే.

వ్యక్తిత్వ వికాస పుస్తకాలు ఇక్కడ ఉద్యోగికి ఒక సలహా ఇస్తాయి: ధైర్యంగా మాట్లాడు. ఆ సలహా ఇచ్చేవాడికి ఖర్చేమీ లేదు, పాటించేవాడికి మాత్రం ఉద్యోగం పోవచ్చు. అందుకని ఈ అధ్యాయం చెప్పేవాడి కోసం కాదు, వినాల్సిన మేనేజర్ కోసం. మీ దగ్గరికి వార్త రావడం లేదంటే మీ మనుషులకు ధైర్యం లేదనుకోకండి. వాళ్ళు మర్యాద తప్పకుండా ఆ వార్తను తీసుకురాగల దారి మీరు వేయలేదని అనుకోండి. పెద్దవాళ్ళకు ఎదురు చెప్పకూడదు, నలుగురిలో ఎవరి పరువూ తీయకూడదు, మనవాళ్ళను కాపాడుకోవాలి అన్న సంస్కారాలు పుట్టినింటి నుంచి వచ్చినవి. రెండు రోజుల ట్రైనింగుతో అవి పోవు. పోవలసిన అవసరమూ లేదు.

ఈ విషయం మీద పరిశోధన చాలానే ఉంది. డచ్ పరిశోధకుడు గీర్ట్ హోఫ్‌స్టెడ్ 1967-73 మధ్య ఐబీఎం ఉద్యోగుల నుంచి సేకరించిన లక్షకు పైగా జవాబులతో దేశాలకు మార్కులు వేసి, 1980లో పుస్తకం ప్రచురించాడు. పై అధికారికీ కింది ఉద్యోగికీ మధ్య దూరాన్ని జనం ఎంత సహజంగా తీసుకుంటారన్న కొలతలో భారతదేశానికి 77, అమెరికాకు 40 వచ్చాయి. ఒకే కంపెనీ ఉద్యోగుల జవాబులతో దేశం మొత్తాన్ని ఎలా కొలుస్తారని విమర్శకులు అడిగారు, న్యాయమైన ప్రశ్నే. సిల్తారా కాంట్రాక్టు కూలీ 1970 నాటి బొంబాయి ఐబీఎం ఉద్యోగిలాగే ఆలోచిస్తాడని నేనైతే అనుకోను. ఆ అంకెలను సూచనగా తీసుకుంటే చాలు.

మనకు అంతకంటే పనికొచ్చేవాడు పాట్నాలో పనిచేసిన మనస్తత్వ శాస్త్రవేత్త జై బి.పి. సిన్హా. 1980లోనే ఆయన కూడా ఒక పుస్తకం తెచ్చారు. ఆ రోజుల్లో అమెరికా పాఠ్యపుస్తకాలు చదివిన మన మేనేజ్‌మెంట్ గురువులంతా "అందరినీ కలుపుకుని నిర్ణయాలు తీసుకోండి" అని బోధిస్తున్నారు. సిన్హా ఆఫీసుల్లో చూసింది వేరు. కింది ఉద్యోగి తన అధికారితో సొంత మనిషిలాంటి సంబంధం కోరుకుంటాడు. అధికారి తన బాగోగులు చూడాలనుకుంటాడు, దారి చూపాలనుకుంటాడు. ఆ ఆపేక్ష పనితో ముడిపడి ఉండాలి, పని చేసినవాడికే దక్కాలి అన్నారు సిన్హా. అలా నమ్మకం కుదిరాక మెల్లగా అతనికి నిర్ణయాల్లో భాగం ఇవ్వాలి. మొదటి రోజే "నీ అభిప్రాయం ఏమిటి?" అని అడిగితే ఆ ఉద్యోగి దాన్ని పరీక్ష అనుకుంటాడు, లేదా ఈ అధికారికి ఏమీ తెలియదనుకుంటాడు. అమెరికాలో చదువుకుని వచ్చిన కుర్ర మేనేజర్లకు ఈ ముక్క గట్టిగా చెప్పాలి. వచ్చిన వారంలోనే "నన్ను పేరు పెట్టి పిలవండి" అంటారు. ఎవరూ పిలవరు. ముప్పై ఏళ్ళ సర్వీసున్న ఫోర్‌మన్‌ని మాత్రం వీళ్ళు పేరు పెట్టి పిలిచేస్తారు.

నిర్ణయాల సంగతికొస్తే మన తెలుగువాళ్ళు మరిచిపోకూడని రోజు 2008 డిసెంబర్ 16. హైదరాబాద్‌లో సత్యం కంప్యూటర్స్ బోర్డు, ఛైర్మన్ కుటుంబానికి చెందిన మేటాస్ కంపెనీలను సుమారు 160 కోట్ల డాలర్లకు కొనడానికి ఒప్పుకుంది. ఆ బోర్డులో హార్వర్డ్ ప్రొఫెసర్ ఉన్నారు, ఐఎస్‌బీ డీన్ ఉన్నారు, పెంటియం చిప్‌తో పేరు పొందిన ఇంజినీరు ఉన్నారు. ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీకి భూముల వ్యాపారం ఎందుకని అమెరికా మదుపుదార్లు గగ్గోలు పెట్టేసరికి గంటల్లోనే ఆ నిర్ణయం వెనక్కి తీసుకున్నారు. మూడు వారాలకు, 2009 జనవరి 7న, లెక్కల్లో ఉన్న వేల కోట్లు నిజానికి లేవని ఛైర్మన్ రామలింగరాజే లేఖ రాశారు. చదువుకీ హోదాకీ నోరు విప్పడంతో సంబంధం లేదని నా అభిప్రాయం. అంత చదువుకున్నవాళ్ళ గదిలోనే ఆ ప్రతిపాదన నెగ్గిందంటే, మీ కాన్ఫరెన్స్ రూములో తలలూపేవాళ్ళను తప్పుపట్టడం అన్యాయం.

ఇప్పుడు రాయపూర్ తెలుగు మేనేజర్‌కి ప్రత్యేకంగా ఎదురయ్యే సంగతి. ఈ ఊరికీ మనకీ బంధం రైలు వేసింది. విజయనగరం నుంచి పార్వతీపురం, రాయగడ, టిట్లాగఢ్ మీదుగా రాయపూర్ వెళ్ళే లైను 1931కి పూర్తయింది. మధ్య పరగణాల మాంగనీసును విశాఖ రేవుకు చేర్చడం దాని ముఖ్య ఉద్దేశాల్లో ఒకటి. రేవు 1933లో తెరుచుకుంది. సరుకు అటు నుంచి ఇటు వస్తే, పని కోసం మనుషులు ఇటు నుంచి అటు వెళ్ళారు. రైల్వే ఉద్యోగాల్లో స్థిరపడిన ఉత్తరాంధ్ర కుటుంబాలు రాయపూర్ డబ్ల్యూఆర్ఎస్ కాలనీలోనూ, బిలాస్‌పూర్‌లోనూ, ఉక్కు ఫ్యాక్టరీ వల్ల భిలాయ్‌లోనూ తరాలుగా ఉన్నాయి. 2024 సెప్టెంబర్ నుంచి దుర్గ్-విశాఖ వందే భారత్ కూడా నడుస్తోంది. కాబట్టి కొత్తగా రాయపూర్ వచ్చిన మేనేజర్‌కి మొదటి నెలలోనే మనవాళ్ళు దొరుకుతారు. వినాయక చవితి పందిరి దగ్గర పరిచయం, ఆదివారం ఇంటికి భోజనం, ఆ పైన "అన్నయ్యా, మీ స్టోర్స్‌లో ఏం జరుగుతోందో తెలుసా?" అన్న సమాచారం.

ఆ సమాచారం నిజమే కావచ్చు, వేగంగానూ వస్తుంది. చిక్కెక్కడంటే అది ఒక్క వైపు నుంచే వస్తుంది. 2000లో చీ చౌ, జానీ డెంగ్, జోవానా హో అనే ముగ్గురు పరిశోధకులు అమెరికా, చైనా మేనేజర్లను పోల్చి చూశారు. తన దగ్గరున్న విషయం పంచుకుంటే సంస్థకు లాభం, తనకు నష్టం అన్నప్పుడు చైనా మేనేజర్లు అమెరికన్ల కంటే ఎక్కువగా పంచుకోవడానికి సిద్ధపడ్డారు. అడిగేవాడు తమ వర్గం కానివాడైతే మాత్రం అమెరికన్ల కంటే ఎక్కువగా బిగబట్టారు. కలిసికట్టుగా బతికే సమాజాలకు ఈ రెండూ ఉంటాయి. మనమూ అంతే. మనవాడికి ప్రాణమిస్తాం, పరాయివాడికి ఫైలు చూపించం.

ఛత్తీస్‌గఢీ కార్మికుడి వైపు నుంచి ఒకసారి చూడండి. మేనేజర్ తెలుగువాడు. ఆయన చుట్టూ చేరినవాళ్ళు తెలుగువాళ్ళు. యజమాని మార్వాడీనో సింధీనో. కూలీలను తెచ్చే ఠేకేదార్ ఇంకెక్కడివాడో. ఊళ్ళో సొంత పొలం ఉండి, సొంత భాష ఉండి, ఫ్యాక్టరీలో తన మాట వినే మనిషి ఒక్కడూ లేనప్పుడు కిల్న్ గోడ మీద ఎర్ర మచ్చ కనిపించిందని అతను వచ్చి ఎవరితో చెప్పాలి? అతను మాట్లాడడని, చురుకు లేనివాడని ఉర్లాలో చాలామంది మేనేజర్లు తేల్చేస్తారు. ఆ తీర్పు అన్యాయం. ఛత్తీస్‌గఢ్ పల్లెల్లో 'మితాన్' అనే ఆచారం ఉంది. కులాలు వేరైన ఇద్దరు, పూరీ జగన్నాథుడి మహాప్రసాదం సాక్షిగానో గంగాజలం సాక్షిగానో స్నేహం కట్టుకుంటారు. ఆ తర్వాత ఒకరినొకరు పేరు పెట్టి పిలుచుకోరు, రెండు కుటుంబాలూ చుట్టాల్లా మెలుగుతాయి. కులం గీత దాటి మనిషిని కలుపుకునే పద్ధతి పెట్టుకున్నవాళ్ళు నోరులేనివాళ్ళు కారు. నమ్మకం కుదరనిదే నోరు విప్పరు.

ఈ సంగతి తెలిసిన ప్రభుత్వం దాన్ని వాడుకుంది కూడా. 2002లో ఛత్తీస్‌గఢ్ 'మితానిన్' పథకం మొదలుపెట్టింది. ప్రతి పాడా, అంటే ప్రతి వాడ, తనలోంచి ఒక స్త్రీని ఎంచుకుంటుంది. ఆమె ఆరోగ్య కార్యకర్త. వాడలో ఎవరికి జ్వరమొచ్చిందో, ఎవరి కాన్పు దగ్గరపడిందో ఆమె ద్వారా ఆరోగ్య వ్యవస్థకు తెలుస్తుంది. 2005లో దేశమంతటా వచ్చిన ఆశా కార్యకర్తల పథకానికి ఇది ముందు నమూనాల్లో ఒకటి. డాక్టరుతో చెప్పడానికి జంకే విషయం వాడలోని అక్కతో చెప్పడానికి జంకరు. మీ ఫ్యాక్టరీలో అలాంటి మనిషి ఇప్పటికే ఉంటాడు. పాత ఫోర్‌మన్ కావచ్చు, టైమ్ ఆఫీసు గుమాస్తా కావచ్చు, క్యాంటీన్ నడిపే ఆమె కావచ్చు. అతన్ని గుర్తించండి, అతను తెచ్చిన మాటకు విలువ ఇవ్వండి. అయితే జాగ్రత్త. చాడీలకీ సమాచారానికీ తేడా మొదటి రోజే అతనికి తెలియాలి. "ఫలానావాడు ఎలాంటివాడో తెలుసా" అని మొదలుపెడితే అక్కడే ఆపేయండి. "మూడో నంబర్ కన్వేయర్ బెల్ట్ చిరుగుతోంది" అంటే కూర్చోబెట్టి టీ ఇప్పించండి. నెల తిరిగేసరికి అతనే నేర్చుకుంటాడు.

రాయపూర్ మేనేజర్ చదవాల్సిన అసలు పాఠం రేషన్ బియ్యంలో ఉంది. ఎన్టీఆర్ రెండు రూపాయల బియ్యం 1983లో చూసిన మనకు, 2007లో ఇక్కడ మూడు రూపాయల బియ్యం ఇచ్చి అప్పటి ముఖ్యమంత్రి రమణ్ సింగ్ 'చావల్ వాలే బాబా' అనిపించుకోవడం కొత్తగా అనిపించదు. కొత్తది దాని వెనక జరిగిన పని. ప్రభుత్వం 2004లో రేషన్ దుకాణాలను ప్రైవేటు డీలర్ల నుంచి తీసి పంచాయతీలకు, స్వయం సహాయక సంఘాలకు, సహకార సంఘాలకు అప్పగించింది. ఆపైన ధాన్యం సేకరణ నుంచి దుకాణం దాకా లెక్కలన్నీ కంప్యూటర్‌కి ఎక్కించింది. బియ్యం మోసే లారీలకు పసుపు రంగు వేయించింది. గోదాము నుంచి లారీ బయల్దేరగానే, పేరు నమోదు చేసుకున్న జనానికి ఎస్ఎంఎస్ వెళ్ళేది. జాతీయ నమూనా సర్వే (ఎన్ఎస్ఎస్) లెక్కల ఆధారంగా ఆర్థికవేత్త రీతికా ఖేరా వేసిన అంచనా ప్రకారం 2004-05లో ఛత్తీస్‌గఢ్‌లో సగం దాకా ధాన్యం పక్కదారి పట్టేది. 2009-10కి అది సుమారు పదో వంతుకు తగ్గింది.

ఇందులో ఎవరి సంస్కారాన్నీ మార్చే ప్రయత్నం జరగలేదు. పల్లెలోని మనిషిని "సర్పంచ్‌ని నిలదీయి, అధికారిని ప్రశ్నించు" అని ఎవరూ రెచ్చగొట్టలేదు. లారీకి పసుపు రంగు ఉంటే అది బజారులో ఏ మిల్లు ముందు ఆగినా దారిన పోయేవాడికి తెలిసిపోతుంది. బియ్యం బయల్దేరాయని ఫోనులో ఉంటే "ఇంకా రాలేదు" అనే మాట దుకాణదారు నోటికి రాదు. ఎవరూ ఎవరి మీదా ఫిర్యాదు చేయనక్కర్లేకుండానే సమాచారం బయట ఉంది. మీ ప్లాంటులోనూ ఇదే చేయవచ్చు. కిల్న్ ఉష్ణోగ్రతలు, వేసిన బొగ్గు బూడిద శాతం, గంటగంటకూ వచ్చిన ఉత్పత్తి, ఇవన్నీ కంట్రోల్ రూము బయట పెద్ద బోర్డు మీద ఉంటే, రింగు కడుతోందని ఆపరేటర్ నోటితో చెప్పనక్కర్లేదు. అంకెలే చెబుతాయి. "నువ్వెందుకు చెప్పావు" అని అతన్ని ఎవరూ అనలేరు.

మార్వాడీ వ్యాపారులకు ఈ విద్య ఎప్పటినుంచో తెలుసు. బిర్లా సంస్థల్లో దశాబ్దాల పాటు 'పర్తా' అనే పద్ధతి నడిచింది. ప్రతి యూనిట్ ఏ రోజుకారోజు తన లాభనష్టాల లెక్క కట్టి, ముందు వేసుకున్న అంచనా పక్కన పెట్టి పైకి పంపాలి. రాయపూర్‌కి దగ్గర్లోని బలౌదా బజార్ సిమెంట్ ప్రాంతంలో రావన్ ఫ్యాక్టరీ కూడా ఆ గ్రూపుదే. మేనేజ్‌మెంట్ కోర్సుల్లో పర్తాను ఖర్చు అదుపు చేసే పద్ధతిగా చెబుతారు. నాకు అందులో ఇంకొకటి కనిపిస్తుంది. నష్టం సంగతి రోజూ సాయంత్రం వెళ్ళే కాగితంలో ఒక గడి అయినప్పుడు, దాన్ని మోసుకెళ్ళేవాడి చేతులు వణకవు. నెలకోసారి రివ్యూ పెట్టే చోట చెడు కబురు నెలంతా పెరిగి, ఆ రోజుకి కొండంత అవుతుంది. అందుకే దాచాలనిపిస్తుంది. రోజూ అడిగితే రోజువారీ తేడా చిన్నది. చిన్నదాన్ని చెప్పడానికి ఎవరికీ సిగ్గు ఉండదు.

సమాచారం పైకి వెళ్ళకపోవడం ఒక జబ్బయితే, పక్కకు వెళ్ళకపోవడం ఇంకో జబ్బు. దీనికి ఉదాహరణ తలుచుకోవడం కూడా కష్టంగానే ఉంటుంది. 2023 జూన్ 2న ఒడిశాలోని బహనగా బజార్ దగ్గర కోరమాండల్ ఎక్స్‌ప్రెస్ లూప్ లైనులోకి వెళ్ళి ఆగి ఉన్న గూడ్సును ఢీకొంది. మూడు వందల మంది దాకా చనిపోయారు. సిగ్నల్ వైరింగులో జరిగిన తప్పులే కారణమని రైల్వే భద్రతా కమిషనర్ తేల్చారు. దానితోపాటు ఆయన ఇంకో సంగతి రాశారు. 2022 మే 16న అదే ఖరగ్‌పూర్ డివిజన్లోని బాంక్రా నయాబాజ్ స్టేషన్లో తప్పు వైరింగు వల్ల ఇలాంటి ఘటనే జరిగింది. అప్పుడే సరైన చర్యలు తీసుకుని ఉంటే బహనగా ప్రమాదం జరిగేది కాదన్నారు. ఒక స్టేషన్‌లో నేర్చుకున్నది అదే డివిజన్‌లోని మరో స్టేషన్‌కి ఏడాది దాటినా ఉపయోగపడలేదు. ఖరగ్‌పూర్ డివిజన్ ఉన్న ఆగ్నేయ రైల్వే కిందే రాయపూర్ రైళ్ళు కూడా 2003 దాకా ఉండేవి కాబట్టి ఇది ఈ ఊరికి పరాయి కథ కాదు.

ఇది రైల్వేకే పరిమితమైన లోపం కూడా కాదు. మన విభాగంలో జరిగిన తప్పు ఇంటిగుట్టులాగా దాచుకుంటాం. పక్క విభాగానికి తెలిస్తే వాళ్ళు నవ్వుతారని, అప్రైజల్‌లో వాడుకుంటారని భయం. రోలింగ్ మిల్లులో వేలు నలిగిన సంగతి పక్క షెడ్డుకి తెలియదు. మేనేజర్‌గా మీరు చేయగలిగింది, ఆ తప్పును మనిషి నుంచి విడదీయడం. ఎవరు, ఏ షిఫ్టు అన్నవి తీసేసి, ఏం జరిగింది, ఎందుకు జరిగింది, ఏం మార్చాం అన్న మూడు వాక్యాలు హిందీలో రాసి ప్రతి షెడ్డులో గోడకు అంటించండి. మొదటిది మీ సొంత పొరపాటు అయితే మరీ మంచిది.

ఇక మీటింగుల సంగతి. మన సైన్యానికి మించి హోదాలు పాటించే సంస్థ దేశంలో లేదు. అక్కడ కూడా కోర్ట్ మార్షల్‌లో సభ్యుల అభిప్రాయం తీసుకునేటప్పుడు అందరికంటే చిన్న ర్యాంకు సభ్యుడితో మొదలుపెడతారు. పెద్దాయన ముందే తేల్చేస్తే చిన్నవాడు దాన్ని కాదనలేడని వాళ్ళకు తెలుసు. హోదాలు అలాగే ఉన్నాయి, మాట్లాడే వరస మారిందంతే. మీరూ మీ మీటింగులో అందరికంటే చిన్నవాడిని ముందు అడగండి, మీ అంచనా ఆఖరున చెప్పండి.

అడిగే ప్రశ్న కూడా మార్చాలి. "అవుతుందా?" అని అడిగితే "అవుతుంది సార్" అనే జవాబు తప్ప ఇంకోటి చెప్పే మర్యాద మన దగ్గర లేదు. "వంద టన్నుల్లో ఎన్ని ఖాయం, ఎన్ని అనుమానం?" అని అడగండి. "డెబ్బై ఖాయం సార్" అన్నవాడు మీకు ఎదురు చెప్పినట్టు కాదు, లెక్క చెప్పినట్టు. "ఈ వారం మనల్ని ఏది ఆపొచ్చు?" అన్నది ఇంకో మంచి ప్రశ్న. కష్టం వస్తుందని మీరే ముందు ఒప్పుకున్నారు కాబట్టి అది ఫలానా అని చెప్పడం అతనికి తేలిక. మీటింగుకి ముందు ఒకసారి షెడ్డులో నడవండి. కిల్న్ పక్కన నిలబడి ఒక్కడితో, వీలైతే వచ్చీరాని ఛత్తీస్‌గఢీలో మాట్లాడితే, ఏసీ గదిలో రాని సమాచారం అక్కడ వస్తుంది. మీ ఉచ్చారణకు వాళ్ళు నవ్వుకుంటే నవ్వుకోనివ్వండి.

చెడు కబురు తీరా వచ్చినప్పుడు మీ నోటి నుంచి వచ్చే మొదటి ప్రశ్నను ఆ షెడ్డు మొత్తం గుర్తుపెట్టుకుంటుంది. "ఎవడు చేశాడు?" అంటే ఆ దారి ఆ రోజుతో మూసుకుపోతుంది. "ఎప్పటి నుంచి? ఇప్పుడు ఏం కావాలి?" అనండి. బాధ్యత తేల్చడం తర్వాత ఉండనే ఉంది. అది తలుపు వేసి ఇద్దరి మధ్యే జరగాలి. నలుగురిలో తిట్టడం క్రమశిక్షణ అని నమ్మే ప్లాంట్ హెడ్లు రాయపూర్‌లోనూ ఉన్నారు, విశాఖలోనూ ఉన్నారు. వాళ్ళ ప్లాంట్లలో రిపోర్టులు ఎప్పుడూ బాగుంటాయి.

మీకూ పైన ఒక సేఠ్ ఉంటాడు కదా. ఆయన దగ్గరికి కబురు తీసుకెళ్ళడమూ మీ పనే. పదిమంది ముందు చెప్పకండి. రాత్రి ఫోనులోనో, ఉదయం ఆయన ఒక్కడే ఉన్నప్పుడో చెప్పండి. కుటుంబ వ్యాపారాల్లో పాత మునీమ్ (లెక్కల గుమాస్తా) ద్వారా ముందు చెవిన వేయడం పిరికితనం కాదు, పద్ధతి. బొగ్గు మంచిది కాదని మాత్రం అనకండి. టన్నుకి ఎంత మిగిలింది, కిల్న్ ఆగితే రోజుకి ఎంత పోతుంది అని రెండు అంకెలు ఒకే కాగితం మీద పెట్టి, "నిర్ణయం మీదే సేఠ్‌జీ" అనండి. ఆయన పెద్దరికం ఆయన దగ్గరే ఉంటుంది. లెక్కలు తెలిసిన మనిషి, తన బేరం తనే సరిచేసుకుంటాడు. సరిచేసుకోకపోతే ఆ కాగితం కాపీ మీ దగ్గర ఉంచుకోండి. రేపు ప్రమాదం జరిగి విచారణ వస్తే మీకు, మీ ఆపరేటర్‌కి అదే రక్ష.

ఈ అధ్యాయం పక్కన పెట్టే ముందు ఒక పని చేయండి. గత రెండేళ్ళలో మీరు ఎవరెవరికి ప్రమోషన్ ఇచ్చారో ఆ జాబితా తీయండి. మీకు రుచించని వార్తను సమయానికి తెచ్చినవాళ్ళు అందులో ఎందరున్నారు? మీ భాష మాట్లాడనివాళ్ళు ఎందరు? రెండు జవాబులూ సున్నా అయితే, మీ మనుషులకు ధైర్యం నేర్పే ట్రైనింగు కోసం డబ్బు ఖర్చు పెట్టకండి. వచ్చే జాబితాను మార్చండి.